నీళ్లు చూసే మంత్రం

ఆ ఆట పేరు నాకు ఇప్పటికీ తెలియదు. కర్నూలు బస్టాండు బయట గోనెపట్టా పరిచి సీడీలు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను. కవరు మీది అక్షరాలు జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి చెరిగిపోయాయి. మిగిలింది కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి బొమ్మ, ఆమె వెనక కొండలు. లోపల మూడు సీడీలు ఉన్నాయి. మూడో దాని మీద అడ్డంగా ఒక గీత పడి ఉంది. ఇదేమిటని అడిగితే, "ఏం గాదులే పాపా, ఆడ్తాది, తీస్కపో" అన్నాడు. ఆడింది, ఆ మాటకు వంక పెట్టలేను. ఆ గీత ఏమేం మింగిందో తెలియడానికి మాత్రం వారం పట్టింది.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. కంప్యూటర్ సబ్జెక్టు తీసుకున్నానని నాయన ఒకదాన్ని అసెంబుల్ చేయించి ఇంటికి తెచ్చాడు. సెలవుల్లో చదువుకుంటానని ఆయన నమ్మకం. నేనూ అదే నమ్మకంతో ఇంటికి వచ్చాను, ఒక పూట ఉంది ఆ నమ్మకం.

మా ఊరు ఎర్రగుంట్ల దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము వచ్చి మా తోటలోని చీనీ, అంటే బత్తాయి, ఆకుల మీద కూర్చుందంటే వాన పడేదాకా లేవదు, వాన పడదు. రోజూ మధ్యాహ్నం క్వారీలో సైరన్ మోగుతుంది. కాసేపటికి తూటాలు పేలుతాయి. ఇంట్లో నాపబండల కింద ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు నేల కదిలి ఊరుకుంటుంది. ఎండాకాలం ఆ వేళలో వీధిలో కుక్క కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం బయట తిరిగితే గాలి సోకుతుందని మా జేజి, అంటే నాయనమ్మ, బతికున్నన్నాళ్లూ భయపెట్టేది. అందుకని నేను ఇంట్లోనే కూర్చుని, కంప్యూటర్‌లో తిరిగేదాన్ని.

ఆ తిరగడమే ఆ ఆటలో నన్ను పట్టేసింది. మా ఊర్లో ఆడపిల్ల గడప దాటితే నాలుగు గడపల నుంచి "యాడికి పోతాండావు మ్మా?" అని వినిపిస్తుంది. జవాబు చెప్పకుండా పదడుగులు వేయలేం. ఆ ఆటలో కర్ర పట్టుకున్న ఆ మనిషి ఎటు పోయినా అడిగేవాళ్లు లేరు. చేయవలసిన పని ఒకటి ఉంటుంది, ఏదో రాజ్యం, ఏదో శాపం. దాన్ని పక్కన పెట్టి మూడు మధ్యాహ్నాలు ఒకే దిక్కుకు నడిచాను. కనిపించిన కొండ ఎక్కవచ్చు, ఏరు దాటవచ్చు, ఎవరి చేనిలోనైనా అడ్డంగా పడి పోవచ్చు. ఎక్కి కూర్చుంటే పొద్దు గుంకేది, గాలికి గడ్డి ఒక వైపుకు వాలేది. ఇంత పెద్ద నేల నా ఒక్కదాని కోసం ఖాళీగా ఉందనిపిస్తే లేవబుద్ధి అయ్యేది కాదు.

కత్తులు లేవు, అన్నీ మంత్రాలే. ఒక కీ నొక్కితే కర్ర కొసన మంట పుడుతుంది, ఇంకోటి నొక్కితే గాలి వచ్చి మనిషిని లేపి కొండ కొమ్మున పెడుతుంది. దొంగలు మీద పడితే ముందు వాళ్ల కాళ్ల కింద నీళ్లు పోసి, తర్వాత ఆ నీళ్లను గడ్డకట్టించి, జారిపడే వాళ్లను చూస్తూ నడిచి పోవచ్చు. రెండు మంత్రాలు కలిపితే మూడోది పుట్టేది. ఏది దేనితో కలుస్తుందో ఎవరూ చెప్పరు, మనమే కనుక్కోవాలి. గ్రైండర్‌లో పప్పు పోసి మరిచిపోయి అమ్మ చేత తిట్లు తిన్నది ఆ రోజుల్లోనే.

లోపాలు కూడా చెప్పాలి కదా. దూరపు కొండలు నునుపు అన్న సామెతను ఆ ఆట చేసినవాళ్లు ఉన్నదున్నట్టు పాటించారు. దూరం నుంచి మైనపు ముద్దల్లా ఉన్న కొండల మీద, దగ్గరికి పోయే కొద్దీ చెట్లు ఒక్కొక్కటే ఉన్నట్టుండి మొలిచేవి. దేశమంతా కలిపి మనుషులకు నాలుగే మొహాలు. పొద్దున నేను కాల్చిన దొంగ సాయంత్రం అంగట్లో రొట్టెలు అమ్ముతూ నన్ను పలకరించేవాడు. మంత్రాలు పెరిగే కొద్దీ కొట్లాటలో పస పోయింది. పది మంది వచ్చినా ఒకే కీ నొక్కి కూర్చుంటే సరిపోయేది. మంత్రం వేయడానికి కావలసిన శక్తి అయిపోతే మళ్లీ నిండేదాకా ఆగాలి. అయిపోయిందని మాత్రం తెర మీద ఎక్కడా చూపించదు, మనమే మనసులో పెట్టుకోవాలి. ఈ లోపం గుర్తుంచుకోండి, మా ఇంట్లో దీనివల్లే కథ అడ్డం తిరిగింది.

మూడో సీడీ మీది గీత సంగతి ఆ దేశంలో తూర్పు వైపు పోయినప్పుడు తెలిసింది. అక్కడి ఊళ్లలో మనుషులకు గొంతు లేదు. దగ్గరికి పోతే తిరిగి చూస్తారు, నోరు తెరుస్తారు, పెదాలు కదులుతాయి, చేతులు తిప్పుతారు. ఒక్క ముక్క వినపడదు. కింద అక్షరాలూ రావు. చెప్పవలసింది అయిపోయాక నోరు మూసుకుని జవాబు కోసం నన్నే చూస్తూ నిలబడేవాళ్లు. వాన ఇళ్ల పైకప్పుల్లోంచి దిగి పొయ్యిల మీద, మంచాల మీద పడేది, ఎవరూ లేచేవాళ్లు కాదు. ఒక మనిషి నడిచి పోయాక అతని నీడ అక్కడే ఉండిపోయింది. ఇందులో ఏది ఆట తప్పో, ఏది గీత తప్పో నాకు తెలిసేది కాదు. మిట్టమధ్యాహ్నం, తలుపు తెరిచే ఉంది, పక్క గదిలో అమ్మ ఉంది, అయినా భయమేసి ఆపేసేదాన్ని, మళ్లీ అరగంటకే పెట్టేదాన్ని.

ఆ గొంతు లేని ఊళ్లలో ఒకటి కరువు ఊరు. జనమంతా ఎండిన బావి చుట్టూ నిలబడి నన్ను చూసి నేలను చూపించేవాళ్లు. ఏం అడుగుతున్నారో గొంతు లేకపోయినా నాకు అర్థమైంది, రాయలసీమ పిల్లనే కదా. అక్కడికి వచ్చేసరికి నాకు నీళ్లు చూసే మంత్రం ఉంది. కీ నొక్కితే నేలంతా బూడిద రంగుకు తిరిగి, అడుగున నీళ్లున్న చోట నీలం వెలుగు పొగలా లేస్తుంది. అక్కడ కర్రతో కొడితే ఊట పుడుతుంది.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన నీళ్లు చూసే మనిషి. చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా పాయింటు పెట్టమని ఆయన్నే పిలిచేవాళ్లు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుంది. దానికి కొన్ని పద్ధతులున్నాయి. చెప్పులు వేసుకోకూడదు. పొద్దుటి నుంచి నీళ్లు తాగకూడదు, దప్పిక ఉన్నవాడికే నీళ్లు తెలుస్తాయట. నీడ కాళ్ల కిందికి వచ్చే వేళకే నడవాలి. చూసేవాళ్ల వెనక ఒకరు రాళ్లు పట్టుకుని రావాలి. కాయ లేచిన చోట రాయి పెట్టడం వరకే అతని పని, నోరు తెరవకూడదు. ఉన్నాయో లేవో చెప్పే మాట కాయ పట్టుకున్నవాళ్లదే. అన్నిటికంటే గట్టి పద్ధతి ఇంకొకటి ఉంది. నీళ్లు చూసేవాడు తన సొంత చేనిలో చూసుకోకూడదు. మా తోటకు చూసేది నందికొట్కూరు నుంచి వచ్చే ఒక ముసలాయన. నాయనకు ఈ విద్య నేర్పింది కూడా ఆయనే. ఆయన పోయాక మా తోటకు చూసేవాళ్లు లేరు. మా మూడు బోర్లలో ఒకటే పోసేది, అదీ పావుగంట పోసి గాలి కొట్టేది. చీనీ చెట్లు ఆకులు ముడుచుకుంటున్నాయి. ఆ చెట్లు అమ్మానాయనా పెళ్లయిన కొత్తలో ఇద్దరే నాటినవి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊర్లో నవ్వుకున్నారు, కొందరు మా ముందే.

ఆ ఏడే ఆయన పక్క ఊరిలో పెట్టిన రెండు పాయింట్లలో వరసగా చుక్క నీరు పడక దుమ్మే లేచింది. రెండో చేని ఆసామి ఒకరోజు పొద్దున్నే మోపెడ్ మీద వచ్చాడు. వెనక గోనెసంచి ఉంది. బోరు బండి పైకి చిమ్మిన తెల్లటి రాతిపొడిని సంచి నిండా తెచ్చి, మా గడప ముందు అమ్మ అప్పుడే వేసిన ముగ్గు మీద పోశాడు. సంచి దులిపి, మడిచి, బండెక్కి పోయాడు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. నాయన ఆ పొడిని ఎవరినీ ఊడ్చనివ్వలేదు. గాలి తీసుకుపోయినంత పోయింది, మిగిలింది పాదాలకు అంటుకుని ఇల్లంతా తిరిగింది.

తర్వాత ఆయన మా పోసే బోరు దగ్గరికి పోయి, మోటారు ఆడుతుండగానే, అరచేతిలో కాయ పెట్టుకుని నిలబడ్డాడు. కాయ లేవలేదు. నీళ్లు కళ్ల ముందు పైపులోంచి పడుతున్నాయి, కాయ చేతిలో పడుకునే ఉంది. ఇంటికి వచ్చి, "చెయ్యి పాయ" అన్నాడు అమ్మతో. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

నేను కరువు ఊరిలో నీళ్లు వెతుకుతున్న మధ్యాహ్నం ఆయన వచ్చి గది గుమ్మంలో కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఏందిమ్మా ఆ నీలం?"

"నీళ్లు నాయనా. కింద నీళ్లుంటే అట్ల కనపడతాది."

"ఎవురికి కనపడతాది?"

"ఎవురాడితే వాళ్లకు."

 ఆయన లేచి, పెరట్లోకి పోయి చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చాడు. "ఏదీ, నన్ను ఒత్తనీ" అన్నాడు. కుర్చీ ఇచ్చి కీ చూపించాను. చూపుడువేలితో మెల్లగా నొక్కాడు. తెర మీది మనిషి కర్ర ఎత్తింది, దించింది. నేల నేలలాగే ఉంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ కర్ర లేచింది, దిగింది. అంతకుముందే నేను ఆ మంత్రాన్ని వరసగా వేసి ఉన్నాను, శక్తి అయిపోయి ఉంది. ఆ సంగతి నాకు తోచేలోపే ఆయన లేచి, "నువ్వు ఒత్తు" అన్నాడు. ఆ కాస్త వ్యవధిలో శక్తి నిండింది. నేను నొక్కాను. ఆయన వెతికిన చోటే, తెర నిండా నీలం లేచింది.

"నీ చెయ్యి కాదు నాయనా, శక్తి నిండల్ల, ఆ ఆటే అంత" అని గబగబా చెప్పాను. ఆయన తెరను చూడటం లేదు, నా చేతిని చూస్తున్నాడు.

"ఇది ఆట నాయనా."

"ఆటని నాకూ తెల్సులేమ్మా. చెయ్యి మాత్రం నీదే గదా" అన్నాడు.

తండ్రి చెయ్యి పోతే అది బిడ్డకు వస్తుందని ఆయన నమ్మకం. ఎల్లుండి మధ్యాహ్నం తోటలో కాయ పట్టుకుని నడవమన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "పెండ్లి చెయ్యాల్సిన పిల్ల చేతికి టెంకాయిస్తావా? రేప్పొద్దున దాని గడప ముందర గూడా దుమ్ము పోస్తారు" అంది. సొంత చేనిలో చూసుకోకూడదు కదా అని నేనూ తప్పించుకోబోయాను. నాయన నా వంక మెత్తగా చూశాడు. "నాకు కూడదు. నీకు ఈ చేను సొంతం కాదు గదమ్మా, ఇంగో ఇంటికి పొయ్యేదానివి. నువ్వు చూడొచ్చు."

ఆయన ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. తెర మీద దేశానికి దేశం నాది, ఇక్కడ నేను పుట్టినప్పటి నుంచి తిరిగిన తోట నాది కాదు.

మర్నాడు కోపం మీదే ఆట పెట్టాను. అదే ఊరు, బావి వెనక కూలిన గోడ ఒకటి ఉంది. దాని వెనక అంతవరకు చూడనంత నీలం లేచింది. పోయి కర్రతో కొట్టాను. ఊట రాలేదు. నేల పగలలేదు కూడా. నా మనిషి నిలబడ్డది నిలబడ్డట్టే నేలలోంచి కిందికి జారిపోయింది.

కింద చీకటి ఉంటుందనుకుంటాం కదా, లేదు. ఎండకు వెలిసిపోయిన ఆకాశం రంగు తప్ప ఏమీ లేదు, మన్నూ రాయీ లేవు, నీళ్లు అసలే లేవు. తల ఎత్తి చూస్తే పైన ఆ ఊరు కింది నుంచి కనిపించింది. చెట్లకు వేళ్లు లేవు. బావి ఒక ఉత్త రింగు. నేల గాజులా ఉండి, దాని మీద మనుషుల అరికాళ్లు కనిపిస్తున్నాయి. ఆ అరికాళ్లు ఒక్కొక్కటే నడిచి వచ్చి, నేను పడిన చోట ఆగుతున్నాయి. నా మనిషి పడుతూనే ఉంది. కంప్యూటర్ ప్లగ్గు గోడ దగ్గరే పీకేశాను.

కాసేపటికి ధైర్యం తెచ్చుకుని మళ్లీ పెట్టాను. ఆ ఆట తనంతట తానే సేవ్ చేసుకుంటుంది, ఒక్కటే దాచుకుంటుంది, పాతవి ఉంచదు. పడుతుండగా చేసుకున్నట్టుంది. ఎన్నిసార్లు పెట్టినా పడుతూనే మొదలైంది. పెట్టిన ప్రతిసారీ పైన అరికాళ్లు ముందుకంటే ఎక్కువగా ఉన్నాయి. నా వారాల నడక, నా మంత్రాలు, ఎక్కిన కొండలు అన్నీ అక్కడితో సరి.

ఆ మర్నాడు పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. నీడ కాళ్ల కిందికి వచ్చేసరికి నాయన నా చేతిలో టెంకాయ పెట్టాడు. ఒలిచిన కాయ, పిలక ముందుకు ఉంది. నేల పెనంలా కాలుతోంది. నేను ముందు, రాళ్ల గంప పట్టుకుని ఆయన వెనక. చీనీ చెట్ల వరసల మధ్య నడిచాం. గట్టు మీద అమ్మ నిలబడి చెయ్యి ఊపుతూ ఏదో చెబుతోంది. క్వారీ మోతలో ఆమె గొంతు రాలేదు, నోరు కదలడం మాత్రం కనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను.

నాలుగో వరస చివర, మునగచెట్టు దాటాక, అరచెయ్యి చల్లబడింది. కాయ కదిలింది. నేను కదిలించలేదని ఇవాళ కూడా ఒట్టేసి చెప్పగలను. ఎవరో కింది నుంచి వేలితో నెట్టినట్టు పిలక పైకి లేచింది, కాయ మొత్తం నిలబడింది. దప్పికతో నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. నాకు నీళ్లు గుర్తుకు రాలేదు. నీలం వెలుగు ఎక్కువగా లేచిన చోట నేల కింద ఏముందో గుర్తుకొచ్చింది, నా తల మీద ఆగిన అరికాళ్లు గుర్తుకొచ్చాయి. రేపటి నుంచి గుమ్మం ముందు వచ్చి నిలబడే మనుషులు, వాళ్ల గోనెసంచులు కళ్ల ముందు తిరిగాయి. ఈ తోట నాది కాదు కదా అన్న కోపం కూడా అడుగున ఎక్కడో ఉంది, లేదని అబద్ధం చెప్పను. వేళ్లు ముడిచి కాయను పడుకోబెట్టి, ఆగకుండా నడిచాను.

తోట చివర గట్టెక్కాక నాయన అడిగాడు. "ఏమ్మా?"

"ల్యావు నాయనా. యాడా ల్యావు."

"సరేమ్మా" అన్నాడు. కాయ తీసుకుని, నాకు చెంబుతో నీళ్లిచ్చాడు.

సెలవులైపోయి నేను హాస్టల్‌కు పోయాను. మా తోటలో కొత్త బోరు వేయలేదు. మధ్యలో ఇంటికి వచ్చినా నేను తోట వైపు పోలేదు. రెండు ఎండాకాలాలు నాయన బిందెలతో మోసి కొన్ని చెట్లను నిలబెట్టాలని చూశాడు. మూడో ఏడు వాటినీ కొట్టించేశాడు. నేను వచ్చేసరికి తోట లేదు, చదునైన ఎర్రనేల, మోళ్లు, వాటి మధ్య ఎండ. అంత ఖాళీలో ఒక్క రాయి నిటారుగా కనిపించింది. దగ్గరికి పోయాను. మునగచెట్టు మోడు పక్కన, జానెడు నాపరాయి నేలలో పాతి ఉంది. దాని నెత్తిన పసుపు ఎప్పుడో పూసి ఎండకు వెలిసిపోయింది. నా అరచెయ్యి చల్లబడ్డది సరిగ్గా ఆ చోటే.

నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పోయి ఆయన పక్కన కూర్చున్నాను. 

"కాయ లేచింది నాయనా, ఆ పొద్దు."

"తెల్సులేమ్మా. ఎనకాలే ఉంటి గదా."

"మరి ఏంటికి బోరు ఎయ్యలేదు?"

నేనేదో చిన్నపిల్లల ప్రశ్న అడిగినట్టు చూశాడు. "నువ్వు ల్యావంటివి గదా. కాయ పట్టుకున్నోళ్ల మాటే మాట. ఎనక నడిచేటోడు రాయి పెట్టల్ల, నోరు తెరవగూడదు."

నేను ఏడ్చాను. ఆయన తువ్వాల ఇచ్చాడు. బిందెలు మోసిన రెండు ఎండాకాలాలూ మోటారు దగ్గర నుంచి చెట్లకు పోయే దారి ఆ రాయి పక్కనుంచే. కాలికి అడ్డం వచ్చేదని, రెండుసార్లు తగిలి గోరు లేచిపోయిందని తర్వాత అమ్మ చెప్పింది. ఆయన దాన్ని పక్కకు జరపలేదు.